సినిమాకీ పాటకీ ఒకే సెట్: ముందు రెండు స్పీకర్లు, తర్వాతే మిగతావి

సినిమా చూసేటప్పుడు శబ్దంలోని లోపాలను బొమ్మ కప్పేస్తుంది. తెర మీద పెదవులు కదులుతుంటే మాట కాస్త పక్కనుంచి వచ్చినా చెవి సర్దుకుంటుంది. పేలుడులో బేస్ మొద్దుగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. స్టీరియోలో ఆ ఆసరా ఉండదు. రెండు స్పీకర్లు, వాటి నడుమ గాలిలో నిలబడే గొంతు, అంతే. ఆ గొంతు మసకబారితే పాటలో వినడానికి మిగిలేది తక్కువ. అందుకే పాటకు బాగా పలికే సెట్ సినిమాకు ఎలాగూ పలుకుతుంది. సినిమా కోసమని కట్టిన సెట్ పాట దగ్గర తరచూ చేతులెత్తేస్తుంది. కొనేటప్పుడు లెక్క ముందు జత స్పీకర్ల నుంచే మొదలుపెట్టాలి.

ఐదు స్పీకర్లూ సబ్‌వూఫరూ (లోతైన బేస్ మాత్రమే పలికే పెట్టె) కలిపి ఒకే పెట్టెలో వచ్చే సెట్లు ఎందుకు పాడవో చూడండి. వాటి చిన్న స్పీకర్లలో కోన్ (కదిలి శబ్దం పుట్టించే పొర) రెండున్నర, మూడు అంగుళాలకు మించదు. 150 హెర్ట్జ్ కిందికి అది దిగలేదు. ఆ కిందిదంతా సబ్‌వూఫర్ మీద పడుతుంది. మగవాళ్ల గొంతు మూలస్వరాలు 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే తిరుగుతాయి. అంటే గొంతు అడుగుభాగం గది మూలలో ఉన్న పెట్టె నుంచి, పైభాగం టీవీ పక్క నుంచి వస్తుందన్నమాట. ఒకే మనిషి రెండు చోట్ల నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. సౌండ్‌బార్ ఇబ్బంది వేరు. మీటరు పొడవున్న బార్‌ను 3 మీటర్ల దూరం నుంచి వింటే దాని రెండు చివరల మధ్య కోణం 19 డిగ్రీలే. స్టీరియోకు కావలసింది 60 డిగ్రీలు.

డబ్బు పంపకం ఇలా పెట్టుకుంటే మేలు: మొదటి విడతలో ఉన్నదాంట్లో సగం ముందు జతకు, పావు వంతు సబ్‌వూఫర్‌కు, పావు వంతు రిసీవర్‌కు (సినిమా, పాట శబ్దాన్ని తీసుకుని స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె). సెంటర్ (సినిమాలో మాటల కోసం నడుమ పెట్టేది), వెనక స్పీకర్లు రెండో విడతలో వస్తాయి. ఆరు నెలలు ఆగినా నష్టం లేదు. తొందరపడి మొదటి రోజే ఐదు నాసిరకం స్పీకర్లు కొంటే వాటిని మార్చాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఐదింటినీ మార్చాలి.

ముందు జతను ఎంచుకోవడం

సబ్‌వూఫర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి మామూలు గదికి 6.5 అంగుళాల వూఫర్ (బేస్ పలికే కోన్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, గట్టి స్టాండ్ల మీద, చాలు. ఇవి 50 హెర్ట్జ్ దగ్గరిదాకా దిగుతాయి. 80 హెర్ట్జ్ దగ్గర సబ్‌వూఫర్‌కు అప్పగించడానికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. వూఫర్ 5 అంగుళాలదైతే అప్పగింత 100 దగ్గర పెట్టుకోవలసి రావచ్చు. 4 అంగుళాలదైతే 120 దాకా పోతుంది, అక్కడి నుంచి సబ్‌వూఫర్ ఏ మూల ఉందో చెవి పసిగట్టడం మొదలుపెడుతుంది. నేల మీద నిలబడే టవర్ స్పీకర్లు పెద్ద హాలుకు, సబ్‌వూఫర్ ఆపేసి పాట వినాలనుకునేవాళ్లకు తగినవి. ఒకే ధరలో టవరూ బుక్‌షెల్ఫూ పక్కపక్కన కనిపిస్తే, ఆ టవర్‌లో మీ డబ్బు ఎక్కువ భాగం పెట్టెకూ అదనపు వూఫర్లకూ పోయిందని గుర్తుపెట్టుకోండి. చిన్న గదిలో అలాంటి టవర్ కన్నా ఆ బుక్‌షెల్ఫే మంచి కొనుగోలు.

స్పీకర్ కాగితం మీద రెండు అంకెలు చూడాలి. ఒకటి సెన్సిటివిటీ: 2.83 వోల్టులిస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తాయన్నది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే 1 వాటు. 4 ఓమ్‌ల స్పీకర్‌కు అవే వోల్టులు 2 వాట్లు అవుతాయి. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్ మీద 88 అని రాసి ఉంటే, 8 ఓమ్‌లవాటితో పోల్చేటప్పుడు 85 అనుకోవాలి. రెండోది ఇంపెడెన్స్, అంటే స్పీకర్ కరెంటుకు చూపే అడ్డు, ఓమ్‌లలో. పైన 8 అని రాసి, లోపలి పేజీలో కనిష్ఠం 3.2 అని రాస్తారు. యాంప్లిఫయర్‌కు చెమటలు పట్టించేది ఆ కనిష్ఠమే.

ఎన్ని వాట్లు కావాలో మీరే లెక్క కట్టుకోవచ్చు. స్పీకర్ సెన్సిటివిటీ 87 అనుకుందాం, మీరు కూర్చునేది 3 మీటర్ల దూరంలో. దూరం వల్ల సుమారు 9.5 డెసిబెళ్లు తగ్గుతాయి, రెండు స్పీకర్లు కలిసి పలుకుతాయి కాబట్టి 3 కలుస్తాయి. ఒక్కో స్పీకర్‌కు 1 వాటు ఇస్తే మీ చెవి దగ్గర 80.5 వస్తుంది. ఇంట్లో గట్టిగా పాట పెట్టుకున్నా సగటు 75, 80 మధ్యే ఉంటుంది, కానీ ఢమరుకం దెబ్బ, తాళాల మోత దానికి 15 డెసిబెళ్లు పైకి లేస్తాయి. 95 అందుకోవాలంటే 14.5 డెసిబెళ్లు కావాలి. అది సుమారు 28 వాట్లు. అదే స్పీకర్ సెన్సిటివిటీ 83 అయితే 70 వాట్లు దాటుతుంది. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఇంకొంత సాయం చేస్తుంది కాబట్టి నిజంగా పట్టేది దీనికన్నా తక్కువే. స్పీకర్‌లో 4 డెసిబెళ్ల తేడా యాంప్లిఫయర్‌లో రెండున్నర రెట్ల తేడా అవుతుందన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

కొనేముందు వినేటప్పుడు సబ్‌వూఫర్ ఆపించండి. పోల్చే రెండు జతల వాల్యూమ్ ఒకటే ఉండేలా ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి సరిచూడండి, ఎందుకంటే 1 డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మెరుగ్గా తోస్తుంది. తర్వాత ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేసి ఒక్క గొంతు ఉన్న పాట పెట్టండి. మంచి జత అయితే రెండు స్పీకర్లూ మాయమైపోయి, గొంతు సరిగ్గా నడుమ, ఒక పిడికిలంత చోటులో నిలబడుతుంది. స, శ అక్షరాలు గొంతు నుంచి విడిపోయి పక్కకు చిమ్మినట్టు వినిపిస్తే ఆ జతను వదిలేయండి. అలాంటి స్పీకర్ మొదటి ఐదు నిమిషాలు చాలా స్పష్టంగా ఉన్నట్టు అనిపించి, గంట తర్వాత తలనొప్పి తెస్తుంది.

రిసీవర్ కాగితం చదవడం

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 150 వాట్లు అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక ఛానల్ మాత్రమే పనిచేసినప్పుడు అని ఉంటుంది. ఆ అంకెను పక్కన పెట్టేయండి. వెతకవలసిన వరుస ఇలా ఉంటుంది: 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతం, రెండు ఛానళ్లు పనిచేసినప్పుడు 80 వాట్లు. పాట వినేటప్పుడు పనిచేసేవి రెండు ఛానళ్లే కాబట్టి మీకు నిజంగా అందేది ఆ 80. ఇది 150 కన్నా చిన్న అంకె అని బెంగ వద్దు, వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెళ్లే.

వాట్ల తర్వాత పాట కోసం రిసీవర్‌లో నాలుగు సంగతులు చూస్తే చాలు. ముందు జతకు ప్రీ-అవుట్ (వేరే యాంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే) సాకెట్లు ఉన్నాయా? ఉంటే రేపు విడిగా స్టీరియో యాంప్లిఫయర్ చేర్చుకోవచ్చు. రూమ్ కరెక్షన్ (మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని సరిచేసే ఏర్పాటు) ఏది? డిరాక్ లైవ్, ఆడిస్సీ ఎక్స్‌టీ32 వంటివి సబ్‌వూఫర్ పరిధిలో చేసే పని చిన్న రకాలకన్నా వివరంగా ఉంటుంది. క్రాసోవర్‌ను (సబ్‌వూఫర్‌కు బేస్ అప్పగించే హెర్ట్జ్‌ను) ఒక్కో జతకు విడివిడిగా పెట్టుకోనిస్తుందా? టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లకు ఫోనో ఇన్‌పుట్ ఉందా? సాధారణంగా ఇది మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌కే (సూది ఉండే భాగం) పనికొస్తుంది. దాని నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల చుట్టూ ఉండే సిగ్నల్. మామూలు సీడీ ఇన్‌పుట్‌కు తగిలిస్తే వాల్యూమ్ ఎంత పెంచినా పీలగానే వినిపిస్తుంది.

టీవీ నుంచి పాట వినేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మామూలు ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీద రిసీవర్‌కు పంపే) దారిలో కుదించిన బహుఛానళ్ల శబ్దం, రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని శబ్దం) మాత్రమే వస్తాయి. కుదించని బహుఛానళ్ల శబ్దం కావాలంటే టీవీకీ రిసీవర్‌కీ రెండింటికీ ఈఆర్క్ (ఆర్క్‌లో కొత్త రకం) ఉండాలి. స్టీరియో పాటకు మాత్రం ఆర్క్ చాలు. బ్లూటూత్ కన్నా వైఫై మీద నేరుగా రిసీవర్‌కు పంపడం మంచిది. బ్లూటూత్ సాధారణంగా పాటను కుదించి పంపుతుంది.

వెనకపక్క ఇంపెడెన్స్ 4 ఓమ్‌లు, 8 ఓమ్‌లు అని స్విచ్చో మెనూనో ఉంటే 8 దగ్గరే ఉంచండి. 4కు మారిస్తే రిసీవర్ తన వోల్టేజీని తగ్గించుకుంటుంది. వేడి తగ్గుతుంది కానీ, పైకి లేవవలసిన దెబ్బలు ముందే చదునైపోతాయి. దాని బదులు రిసీవర్ పైన కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలి గాలి ఆడనివ్వండి.

విడిగా స్టీరియో యాంప్లిఫయర్ ఎప్పుడు?

రిసీవర్‌లో ఫార్మాట్లు, హెచ్‌డీఎంఐ రకాలు నాలుగైదేళ్లకోసారి పాతబడతాయి. మంచి స్టీరియో యాంప్లిఫయర్ ఇరవై ఏళ్లయినా పాతబడదు. ఇంపెడెన్స్ బాగా కిందికి దిగే కష్టమైన స్పీకర్లున్నా, పాటకే ఎక్కువ సమయం ఇచ్చేవాళ్లయినా రెండూ కలిపి వాడుకోవచ్చు. హోమ్ థియేటర్ బైపాస్ (వాల్యూమ్ నాబ్‌ను దాటిపోయే ఇన్‌పుట్) ఉన్న ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ తీసుకుని, రిసీవర్ ముందు ప్రీ-అవుట్ల నుంచి ఆ బైపాస్ సాకెట్లకు తీగలు వేయండి. ముందు జత స్పీకర్లు యాంప్లిఫయర్‌కు, మిగతావి రిసీవర్‌కు. సీడీ ప్లేయర్, స్ట్రీమర్ యాంప్లిఫయర్ మామూలు ఇన్‌పుట్లకు. పాటప్పుడు రిసీవర్‌ను ఆన్ చేయనక్కర్లేదు.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. బైపాస్ సాకెట్‌కు వాల్యూమ్ నాబ్‌తో సంబంధం ఉండదు. పొరపాటున సీడీ ప్లేయర్‌ను అందులో గుచ్చితే 2 వోల్టుల సిగ్నల్ నేరుగా పూర్తి శక్తితో స్పీకర్లకు పోతుంది, ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న భాగాలు) కాలిపోవచ్చు. ఆ సాకెట్ల మీద రంగు టేపు అంటించడం మంచి అలవాటు. రెండోది, రిసీవర్ ఆగి ఉంటే సబ్‌వూఫర్‌కు అటునుంచి సిగ్నల్ రాదు. హై-లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ తీగ సిగ్నల్ తీసుకునేది), ఎల్ఎఫ్ఈ ఇన్‌పుట్ (రిసీవర్ పంపే బేస్ తీసుకునేది) రెండూ ఒకేసారి తీసుకునే సబ్‌వూఫర్ అయితే స్పీకర్ టెర్మినళ్ల నుంచి ఒక తీగ, రిసీవర్ నుంచి ఇంకొకటి వేసుకోవచ్చు. అప్పుడు పాటలో ముందు జత పూర్తి పరిధి పలుకుతుంది, సబ్‌వూఫర్ అడుగున మాత్రం తోడవుతుంది.

బైపాస్ లేని యాంప్లిఫయర్‌తోనూ పని జరుగుతుంది. నాబ్‌ను ఒక గుర్తు దగ్గర పెట్టి అక్కడే కాలిబ్రేషన్ (రిసీవర్ మైకుతో కొలిచి సరిచేయడం) చేసి, సినిమాకు ప్రతిసారీ ఆ గుర్తుకే తిప్పాలి. ఇంట్లో నలుగురు వాడే సెట్‌కు ఈ పద్ధతి తగదు.

సబ్‌వూఫర్

పాటకు సీల్డ్ (పూర్తిగా మూసిన) పెట్టే కావాలని, పోర్ట్ (గాలి గొట్టం) ఉన్నది సినిమాకేనని చాలామంది నమ్ముతారు. సీల్డ్ పెట్టె కిందికి వెళ్లేకొద్దీ ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెళ్ల చొప్పున మెల్లగా తగ్గుతుంది, పోర్ట్ ఉన్నది ఆ పోర్ట్‌ను ట్యూన్ చేసిన హెర్ట్జ్ కింద 24 చొప్పున పడిపోతుంది. తేడా ఉన్నమాట నిజమే. అయినా ఇళ్లలో బేస్ ఈడ్చినట్టు వినిపించడానికి అసలు కారణం ఎక్కువసార్లు గదే. 5 మీటర్ల పొడవున్న గదిలో 34 హెర్ట్జ్, 4 మీటర్ల వెడల్పుకు 43 హెర్ట్జ్ దగ్గర గోడల మధ్య శబ్దం నిలబడి ఊగుతుంది. ధ్వని వేగం 344ను గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మీ గది అంకె వస్తుంది. మృదంగం ఎడమవైపు గుంకారం ఆగిపోయాక కూడా గదిలో ఊఁ అని మిగిలి ఉంటే, దోషం సబ్‌వూఫర్‌ది అనుకునే ముందు దాని చోటు మార్చి చూడండి.

చోటు వెతకడం ఇలా. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట, సోఫా మీదో దాని ముందో పెట్టండి. మెట్లెక్కినట్టు ఒక్కో స్వరం దిగే బేస్ గిటార్ వరుస ఉన్న పాటను మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. కొన్ని చోట్ల ఒక స్వరం ఉబ్బుతుంది, ఇంకోచోట అదే స్వరం మాయమవుతుంది. అన్ని స్వరాలూ ఒకే బరువుతో వినిపించిన చోట నేల మీద గుర్తు పెట్టి, సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చండి. అరగంట పని, కానీ దీని ఫలితం ఖరీదైన సబ్‌వూఫర్ కొన్నా రాదు. డబ్బు ఉంటే ఒక పెద్దదాని బదులు రెండు మధ్యస్థమైనవి ఎదురెదురు గోడల దగ్గర పెట్టుకుంటే గది ఎగుడుదిగుళ్లు బాగా తగ్గుతాయి. మీరు గది పొడవుకు సరిగ్గా మధ్యలో కూర్చోకండి, అక్కడ 34 హెర్ట్జ్ వంటి మొదటి ఊపు వినపడదు. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే అదే ఊపు రెండింతలుగా తగులుతుంది.

సెంటర్ స్పీకర్ ముందు జత తయారైన వరుసలోదే, అదే ట్వీటర్ ఉన్నదే కావాలి. అడ్డంగా రెండు వూఫర్ల మధ్య ఒక ట్వీటర్ ఉన్న రకంలో, పక్కన కూర్చున్నవాళ్లకు మాట సన్నబడుతుంది. ట్వీటర్ కింద చిన్న మిడ్ (నడిమి స్వరాలు పలికేది) ఉన్న త్రీ-వే రకమైతే ఈ బాధ తక్కువ. ఒక్కరే నడుమ కూర్చుని చూసే ఇంట్లో సెంటర్ లేకున్నా ఫర్వాలేదు, మెనూలో సెంటర్ లేదు అని చెబితే రిసీవర్ ఆ మాటలను ముందు జతకు పంచుతుంది. వెనక స్పీకర్లు చిన్నవైనా చాలు.

అమర్చడం, సరిచేయడం

ముందు జత మధ్య దూరం ఎంతో, మీకూ ఒక్కో స్పీకర్‌కూ అంతే దూరం ఉండాలి: 2.5 మీటర్లు, 2.5 మీటర్లు, 2.5 మీటర్లు. ట్వీటర్ కూర్చున్నప్పటి చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్ ముఖం టీవీ బల్ల అంచుకన్నా ముందుకు రావాలి, లేకపోతే బల్ల మీద పడి తిరిగొచ్చే శబ్దం గొంతును మసకబరుస్తుంది. మీరు కూర్చుని ఉండగా ఇంకొకరు పక్కగోడ మీద అద్దం జరుపుకుంటూ వెళ్లాలి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటే శబ్దం మొదట తగిలి తిరిగొస్తుంది. అక్కడ పుస్తకాల అరగానీ, 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం ఉన్న శోషక పలకగానీ పెట్టండి. పలచటి కర్టెన్ పై స్వరాలనే పీలుస్తుంది, గది మొద్దుబారి వినిపిస్తుంది.

స్పీకర్ తీగకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఏ గదికైనా సరిపోతుంది. 10 మీటర్ల దూరానికి రానూపోనూ నిరోధం 0.14 ఓమ్ మాత్రమే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కొనకండి.

కాలిబ్రేషన్ ఈ వరుసలో చేయండి:

1. సబ్‌వూఫర్ వెనక ఉన్న దాని సొంత క్రాసోవర్ నాబ్‌ను పూర్తిగా పైకి, లేదా ఎల్ఎఫ్ఈ దగ్గరికి తిప్పండి. మధ్యలో వదిలేస్తే రెండు ఫిల్టర్లు ఒకదానిమీద ఒకటి పడి 80 దగ్గర గుంట పడుతుంది. ఆటో స్టాండ్‌బై తీసేసి ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. మెల్లగా సాగే ఆలాపనలో అది నిద్రపోయి, తాళం మొదలయ్యాక ఆలస్యంగా లేస్తుంది.

2. మైకును స్టాండ్ మీద చెవి ఎత్తులో పెట్టండి. సోఫా వీపుకు ఆనిస్తే తోలు మీద తగిలి తిరిగొచ్చిన శబ్దాన్నే కొలుస్తుంది. ఫ్యాన్, ఏసీ ఆపండి.

3. పని ముగిశాక మెనూ తెరిచి ముందు జతను లార్జ్ (బేస్ అంతా వాటికే) అని పెట్టిందేమో చూడండి, చాలా రిసీవర్లు అలా పెడతాయి. స్మాల్‌కు మార్చి క్రాసోవర్ 80 చేయండి. రిసీవర్ చెప్పిన అంకె 100 అయితే దాన్ని కిందికి దించకండి, పైకి పెంచడంలో మాత్రం తప్పులేదు. ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్ అన్న ఎంపిక వద్దు, ఒకే బేస్ రెండు చోట్ల నుంచి వచ్చి బురదవుతుంది.

4. 80 హెర్ట్జ్ స్వరం ఒకటి పెట్టి సబ్‌వూఫర్ ఫేజ్ స్విచ్‌ను 0, 180 మధ్య మార్చండి. ఏది గట్టిగా వినిపిస్తే అదే సరి. ఆ తర్వాత మెనూలో సబ్‌వూఫర్ దూరాన్ని 30 సెంటీమీటర్ల చొప్పున మార్చుతూ, ఇంకా గట్టిపడే చోట ఆపండి.

5. వీలుంటే కరెక్షన్‌ను 300 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ఒక చోటికి కిందికే పరిమితం చేయండి. ఆ పైన ముందు జత తన సొంత గొంతుతోనే పలకనివ్వడం పాటకు మేలు. ఆడిస్సీ ఉన్న కొన్ని రిసీవర్లలో ముందు జతను ముట్టుకోకుండా మిగతావి సరిచేసే ఎల్/ఆర్ బైపాస్ ఉంటుంది, అదీ విని చూడండి.

పాటకు మోడ్ స్టీరియో అని పెట్టండి. ప్యూర్ డైరెక్ట్ అన్న మాట ఆకర్షణగా ఉంటుంది కానీ, చాలా మోడళ్లలో అది నొక్కగానే రూమ్ కరెక్షనూ క్రాసోవరూ రెండూ పోతాయి, సబ్‌వూఫర్ ఆగిపోతుంది. సబ్‌వూఫర్ కోన్ పక్కన చెయ్యి పెడితే తెలిసిపోతుంది. రాత్రిపూట కోసం ఉండే డైనమిక్ వాల్యూమ్ పాటలో ఎప్పుడూ వద్దు, అది మెల్లని చోటును లేపి గట్టి చోటును తొక్కేస్తుంది. డైనమిక్ ఈక్యూ (తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచేది) ఇష్టమైతే రిఫరెన్స్ ఆఫ్‌సెట్‌ను 10 లేదా 15 చేయండి. అది సినిమా రికార్డింగ్ స్థాయిని లెక్కలో పెట్టుకుని బేస్ పెంచుతుంది, పాటల్లో అలాంటి ఒకే స్థాయి లేదు.

తేడా వస్తే

బేస్ పలచబడి, గొంతు నడుమ నిలవకుండా గది అంతా పరుచుకుంటే ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారయ్యాయి. రెండు చివరలూ విప్పి చూడండి. గొంతు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంటే రెండు స్పీకర్లను ఒకదాని చోట ఒకటి మార్చండి. లాగుడు స్పీకర్‌తో పాటు మారితే స్పీకర్ దోషం, మారకపోతే ఆ పక్క గోడదో, రిసీవర్ ఛానల్‌దో దోషం. దెబ్బ పడ్డాక బేస్ ఆలస్యంగా వచ్చినట్టుంటే సబ్‌వూఫర్ దూరం, ఆ తర్వాత లెవల్ చూడండి. 3 డెసిబెళ్లు తగ్గించగానే సర్దుకోవడం మామూలే.

సబ్‌వూఫర్ నుంచి 50, 60 హెర్ట్జ్ గుర్రుమంటుంటే అది ఎక్కువసార్లు గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలవడం. కేబుల్ టీవీ లేదా యాంటెన్నా తీగను పీకి చూడండి. గుర్రు ఆగితే ఆ తీగకే ఐసొలేటర్ పెట్టాలి. ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేసి సరిచేయాలని ఎప్పుడూ చూడకండి, ప్రాణం మీదికి వస్తుంది. వాల్యూమ్ పెంచగానే రిసీవర్ తనంతట తానే ఆగిపోతుంటే ముందు టెర్మినళ్ల దగ్గర పురి విడిన రాగి పోగులు పక్కదానికి తగులుతున్నాయేమో వెతకండి. ఒక్క పోగు చాలు. అక్కడ ఏమీ లేకపోతే రిసీవర్ పైమూత మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. అదీ కాకపోతే మీ స్పీకర్ కనిష్ఠ ఇంపెడెన్స్ ఆ రిసీవర్‌కు బరువవుతోందని అర్థం. క్రాసోవర్‌ను 100కు పెంచితే ముందు జత మీద బేస్ భారం తగ్గుతుంది, అయినా ఆగుతుంటే ప్రీ-అవుట్ల నుంచి వేరే యాంప్లిఫయర్ వాడవలసిందే.